నీళ్ళు తేటగానే ఉన్నాయి, చేపలు మాత్రం పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి

నాకు చేపల ట్యాంక్ అంటే ఎంత ఇష్టమో మా ఇంట్లో అందరికీ తెలుసు, అందుకే ఆ ఆదివారం పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నేను దాని ముందే కూర్చుని కడుగుతుంటే ఎవరూ కదిలించలేదు. చేపల్ని బకెట్లోకి మార్చాను, నీళ్ళన్నీ తోడేసాను, అడుగున ఉన్న గులకరాళ్ళు బయటికి తీసి కుళాయి కింద నాలుగైదు సార్లు కడిగాను, ఇక ఫిల్టర్లో స్పాంజ్ అయితే గోధుమరంగు బురద పట్టి జిగురుజిగురుగా ఉంది, పిండినకొద్దీ మట్టి నీళ్ళే వస్తుంటే అవి తేటగా వచ్చేదాకా వదల్లేదు. అన్నీ మళ్ళీ సర్ది, కొత్త నీళ్ళు పోసి, చేపల్ని వదిలి లైటు వేస్తే ట్యాంక్ తళతళా మెరిసిపోయింది. అసలు నీళ్ళున్నాయా లేవా అన్నంత తేటగా ఉంది, ఫోటోలు తీసి అందరికీ పంపాను కూడా.

మూడో రోజు పొద్దున లేచి చూస్తే చేపలన్నీ పైకి చేరి నోళ్ళు తెరుస్తున్నాయి. రెక్కలు ఒంటికి అంటుకుపోయి ఉన్నాయి, మొప్పలు ఎప్పటికంటే ఎర్రగా, ఆగకుండా టపటపా ఆడుతున్నాయి. సెలవులకని మా ఇంటికొచ్చిన మేనల్లుడు పక్కనే నిలబడి "మావయ్యా, నీళ్ళు ఇంత శుభ్రంగా ఉన్నాయి కదా, మరి వీటికి ఊపిరెందుకు ఆడట్లేదు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రానికి రెండు గప్పీలు పోయాయి, మర్నాడు ఒక ప్లాటీ, ఆ తర్వాత ఇంకొకటి. నాలుగూ అవి పుట్టినప్పటి నుంచి నేను పెంచినవే. వాడి ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ తెలుసుకున్నవన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాను, ఇంకెవరి ట్యాంకులోనూ ఇలా జరక్కూడదని.

సంగతేంటంటే, నేను పిండి పారబోసిన ఆ బురదే అసలైన ఫిల్టర్. స్పాంజ్ అనేది దానికి ఇల్లు మాత్రమే.

చేప ఒంట్లోంచి బయటికొచ్చే వ్యర్థంలో ముఖ్యమైంది అమ్మోనియా, అది ఎక్కువ భాగం మొప్పల్లోంచే నేరుగా నీళ్ళలో కలిసిపోతుంది. తినకుండా మిగిలిన మేత కుళ్ళినా అమ్మోనియానే, రాలిన ఆకు కుళ్ళినా, రాయి వెనక నత్త చచ్చి మనం చూసుకోకపోయినా అదే. చెరువులో అయితే అన్ని నీళ్ళలో అది ఏ మూలకి పోతుందో తెలీదు, మన ట్యాంకులో అరవై లీటర్లుంటే అరవై లీటర్లే, చేప తినేదీ విసర్జించేదీ ఊపిరి తీసేదీ అన్నీ అందులోనే. అమ్మోనియా మొప్పల్ని కాల్చేస్తుంది, అందుకే నీళ్ళలో గాలి ఉన్నా చేప దాన్ని తీసుకోలేక పైకొచ్చి నోరు తెరుస్తుంది. దానికి రంగు లేదు, చేపని చంపేంత ఉన్నా మనకి వాసన కూడా తెలీదు. తేటగా కనపడే నీళ్ళలోనే అది హాయిగా ఉంటుంది.

ఈ అమ్మోనియాని తిని బతికే బాక్టీరియా ఉంది. అది అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. అమ్మోనియా విషం, నైట్రైట్ కూడా విషమే, నైట్రేట్ మాత్రం బాగా పేరుకుపోతే తప్ప చేపని పెద్దగా ఇబ్బంది పెట్టదు. మట్టిలో ఈ పని చేసే బాక్టీరియాని 1890 ప్రాంతంలోనే సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అనే శాస్త్రవేత్త వేరుచేసి చూపించాడు, చేపల ట్యాంకుల పుస్తకాల్లో నైట్రోసోమోనాస్, నైట్రోబాక్టర్ అని రెండే పేర్లు ఏళ్ళ తరబడి తిరిగాయి, తర్వాత చూస్తే ట్యాంకుల్లో నైట్రైట్ పని ఎక్కువగా చేసేది నైట్రోస్పైరా అని తేలింది. 2005లో అయితే సియాటిల్ అక్వేరియంలో ఒక ఉప్పునీటి ట్యాంకు కంకరలోంచి అసలు బాక్టీరియానే కాని, ఆర్కియా అనే వేరే జాతి సూక్ష్మజీవి ఒకటి దొరికింది, అది కూడా అమ్మోనియానే తింటుందట. 2015లో ఒక్క నైట్రోస్పైరానే రెండు మెట్లూ తానే ఎక్కేయగలదని కూడా కనిపెట్టారు. ఒక గాజు పెట్టెలో గులకరాళ్ళ మీద ఇంత జరుగుతోందా అని నాకు అదంతా చదువుతుంటే ఒళ్ళు పులకరించింది, నిజంగా.

మనకి పనికొచ్చే సంగతి ఏంటంటే ఇవి నీళ్ళలో తేలుతూ ఉండేది చాలా తక్కువ. స్పాంజ్ రంధ్రాల్లో, గులకరాళ్ళ మీద, చెక్క మీద, పైపు లోపలి గోడల మీద జిగురులాగా అతుక్కుని ఉంటాయి. కాబట్టి "పాత నీళ్ళు సగం ఉంచాను కదా, బాక్టీరియా ఉంటుందిలే" అనుకుంటే లాభం లేదు, నీళ్ళు ఎన్ని మార్చినా బాక్టీరియాకి పెద్ద నష్టం లేదు గానీ స్పాంజ్‌నీ రాళ్ళనీ ఒకేరోజు కుళాయి కింద రుద్ది కడిగితే సర్వం పోయినట్టే. నేను సరిగ్గా అదే చేసాను. పైగా కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, దాన్ని కలిపేదే సూక్ష్మజీవుల్ని చంపడానికి.

ఇప్పుడు నేను స్పాంజ్ ఎలా కడుగుతానంటే, నీళ్ళు మార్చే రోజున ట్యాంకులోంచి తీసిన ఆ పాత నీళ్ళనే ఒక చిన్న బకెట్లో పట్టి, అందులో స్పాంజ్‌ని ముంచి మెల్లగా రెండు మూడుసార్లు నొక్కి వదుల్తాను, అంతే. పైన పట్టిన మడ్డి వదిలి నీళ్ళు మళ్ళీ ధారాళంగా పారితే చాలు, స్పాంజ్ గోధుమరంగులోనే ఉండాలి. అది కూడా నెలకోసారి, లేదా ఫిల్టర్ ధార సన్నబడినప్పుడు. రెండు స్పాంజ్‌లుంటే ఈసారి ఒకటి, వచ్చేసారి ఇంకొకటి. కొన్ని ఫిల్టర్ల డబ్బాల మీద నెలకోసారి లోపలి కార్ట్రిడ్జ్ పారేసి కొత్తది పెట్టమని రాసుంటుంది, నేనైతే ఆ మాట అస్సలు వినొద్దంటాను, చిరిగి పీలికలయ్యేదాకా వాడుకోండి, మార్చాల్సి వస్తే కొత్తదాన్ని పాతదాని పక్కనే ఓ నెల ఉంచి అప్పుడు పాతది తీయండి.

సరే, ఆ రోజు సంగతికొస్తే, టెస్ట్ కిట్ తెప్పించి చూసాను. చిన్న గాజు గొట్టంలో ఐదు మిల్లీలీటర్ల నీళ్ళు పట్టి చుక్కలు వేసి ఊపి ఐదు నిమిషాలు ఆగాలి, నా కిట్‌లో పసుపు వస్తే అమ్మోనియా లేనట్టు, నాకేమో ఆకుపచ్చ వచ్చింది, నిమిషాలు గడిచేకొద్దీ ఇంకా చిక్కబడింది. తెల్ల కాగితం ముందు పెట్టి పట్టికతో పోల్చుకుంటే రెండు పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో రెండు. మేనల్లుడు ఆ గొట్టాన్ని వెలుతురుకి పెట్టి చూసి "ఇది నీళ్ళలో ఉందా మావయ్యా, మనకి కనపడనే లేదు" అన్నాడు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, ఇది చాలామందికి తెలీదు. కిట్ చూపించే అమ్మోనియా అంతా ఒకే రకం కాదు, అందులో కొంత అమ్మోనియం రూపంలో ఉంటుంది, అది అంత ప్రమాదం కాదు, కొంత మాత్రం అసలు అమ్మోనియాగా ఉంటుంది, చంపేది అదే. ఏది ఎంతన్నది పీహెచ్ మీద (నీళ్ళు ఎంత ఆమ్లమో ఎంత క్షారమో చెప్పే కొలత, 7 అయితే రెండూ కానట్టు), వేడి మీద ఆధారపడుతుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే మొత్తంలో అర శాతం పైచిలుకు మాత్రమే విషపు రూపం, అదే పీహెచ్ 8 అయితే ఐదు శాతం దాటుతుంది, 9 అయితే మూడో వంతు పైనే. అంటే కిట్‌లో ఒకటే రంగు వచ్చినా ఒకరి ట్యాంకులో చేపలు తిరుగుతుంటాయి, ఇంకొకరి ట్యాంకులో పోతాయి. "నాకు రెండు పీపీఎం ఉన్నా ఏం కాలేదు" అని ఎవరైనా చెప్తే ముందు వాళ్ళ పీహెచ్ ఎంతో అడగండి.

నైట్రైట్ ఇంకో రకంగా చంపుతుంది. అది రక్తంలోకి వెళ్ళి హిమోగ్లోబిన్‌ని పాడు చేస్తుంది, అప్పుడు రక్తం ఆక్సిజన్ మోయలేదు, ఎరుపు పోయి గోధుమరంగుకి తిరుగుతుంది. నీళ్ళ నిండా గాలి ఉన్నా చేపకి ఊపిరాడదు. దీనికి కాస్త ఉప్పు పనిచేస్తుంది, ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌కి అడ్డుపడుతుంది కాబట్టి. కాకపోతే అది ప్రాణం నిలపడానికే, నైట్రైట్‌ని తీసెయ్యదు, ఉప్పు పడని చేపలూ మొక్కలూ కూడా ఉంటాయి. అసలు మందు నీళ్ళు మార్చడమే. ట్యాంకు మళ్ళీ కుదుటపడటానికి పట్టిన మూడు వారాలూ నేను రోజూ సగం నీళ్ళు మార్చాను, మేత రోజు విడిచి రోజు చిటికెడు వేసాను, మిగిలిన ఐదూ అలా బతికాయి.

కుళాయి నీళ్ళ గురించి కాస్త వివరంగా చెప్పాలి. క్లోరిన్ ఉన్న నీళ్ళని వెడల్పాటి బకెట్లో ఒక రోజంతా ఉంచితే, ఇంకా మేలు ఎయిర్ పంప్ పెడితే, క్లోరిన్ గాల్లోకి పోతుంది. కానీ కొన్నిచోట్ల క్లోరిన్ బదులు క్లోరమైన్ కలుపుతారు, అది క్లోరిన్‌నీ అమ్మోనియానీ కలిపి చేసేది, ఎక్కువ కాలం నీళ్ళలో నిలబడాలనే దాన్ని వాడతారు, మరి అది ఒక రోజులో ఎందుకు పోతుంది? పోదు. మీ నీళ్ళలో ఏది ఉందో నీళ్ళిచ్చే వాళ్ళని అడిగితే తెలుస్తుంది. యాంటీ క్లోరిన్ అని దొరికే వాటిలో చాలావరకు సోడియం థయోసల్ఫేట్ ఉంటుంది, అది క్లోరిన్‌ని అప్పటికప్పుడే విరిచేస్తుంది, క్లోరమైన్‌ని కూడా విరుస్తుంది గానీ అప్పుడు దానిలోని అమ్మోనియా విడిగా మిగిలిపోతుంది. అందుకని క్లోరమైన్ ఉన్నచోట అమ్మోనియాని కూడా పట్టుకునే కండిషనర్ అని సీసా మీద రాసున్నదే తీసుకోవాలి. కొత్త నీళ్ళు ట్యాంకులో పోసాక మందు వేద్దాంలే అనుకోకండి, బకెట్లోనే కలిపి అప్పుడు పోయండి.

బోరు నీళ్ళలో క్లోరిన్ గొడవ ఉండదు, కానీ కొన్నింట్లో నైట్రేట్ ముందే ఎక్కువ ఉంటుంది, లోతులోంచి వచ్చిన నీళ్ళలో ఆక్సిజన్ తక్కువగా ఉండొచ్చు, కాసేపు గాలి ఆడించి పోయడం మంచిది. ఆర్వో నీళ్ళు శుద్ధమైనవి కదా అని వాటితోనే నింపేస్తే అదీ తప్పే, వాటిలో ఖనిజాలు దాదాపు ఉండవు, పీహెచ్‌ని పట్టి ఉంచే కార్బొనేట్లు ఉండవు, చేపకి కావాల్సిన లవణాలూ ఉండవు.

వారానికి పావు వంతు నీళ్ళు మార్చడం నా లెక్క. ఎందుకు పావు వంతు అంటే లెక్క వేసి చూడండి, మీ ట్యాంకులో వారానికి పది పీపీఎం నైట్రేట్ పెరుగుతుందనుకుందాం, ప్రతి వారం పావు వంతు మారుస్తూ పోతే అది 40 దగ్గర ఆగుతుంది, మార్చగానే 30 అవుతుంది, వారం తిరిగేసరికి మళ్ళీ 40. అంతకన్నా పెరగదు. సగం మారిస్తే 20 దగ్గరే ఆగుతుంది. అదే అసలు మార్చకుండా ఆవిరైన నీళ్ళు మాత్రం పోసుకుంటూ పోతే ఇది పెరుగుతూనే ఉంటుంది, ఎందుకంటే ఆవిరయ్యేది నీళ్ళే, నైట్రేటూ లవణాలూ ట్యాంకులోనే ఉండిపోతాయి. నేను 40 దాటనివ్వను, 20 లోపు ఉంటే ఇంకా సంతోషం. మొక్కలు దట్టంగా ఉన్న ట్యాంకుకి ఈ బరువు చాలా తగ్గుతుంది, అవి అమ్మోనియాని, నైట్రేట్‌ని తినేస్తాయి కాబట్టి, వీలైతే నాలుగు మొక్కలు పెట్టుకోండి.

మార్చేటప్పుడు సైఫన్ గొట్టాన్ని గులకరాళ్ళలోకి దించితే ఒక్కసారిగా గోధుమరంగు దుమ్ము గిరగిరా తిరుగుతూ గొట్టంలోకి లేస్తుంది, రాళ్ళు పైకి లేచి మళ్ళీ అడుక్కి జారతాయి, దుమ్ము మాత్రం బకెట్లోకి పోతుంది, నాకు ఆ పనిలో ఎంత ఇష్టమో చెప్పలేను. ఒక వారం కుడి సగం, మరుసటి వారం ఎడమ సగం. గొట్టాన్ని నోటితో పీల్చకండి, చేత్తో నొక్కే బల్బ్ ఉన్నది తెచ్చుకోండి. చేతి మీద కోసుకున్న గాయం ఉంటే గ్లవుజు వేసుకోండి, ట్యాంకు నీళ్ళలో మైకోబాక్టీరియమ్ మారినమ్ అనే బాక్టీరియా ఉండొచ్చు, అది గాయంలోంచి చర్మంలోకి వెళ్తే వారాలు, నెలలు మానని పుళ్ళు వస్తాయి. హీటర్ ఉంటే ముందు ప్లగ్ తీసెయ్యండి, వేడిగా ఉన్న గాజు నీళ్ళలోంచి బయటపడితే పగులుతుంది. అలాగే వైర్లన్నీ ప్లగ్ కంటే కిందికి ఓ వంపు తిరిగి పైకెళ్ళేలా పెట్టుకుంటే, వైరు వెంట జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గరే నేల మీద పడుతుంది, సాకెట్ దాకా పోదు. బకెట్ ట్యాంకుకే విడిగా ఉండాలి, సబ్బు నీళ్ళు తగిలినది వద్దు. దోమల మందు స్ప్రే కొట్టే గదిలో ట్యాంకుంటే చాలా జాగ్రత్త, వాటిలో వాడే పైరెథ్రాయిడ్లు మనకంటే చేపలకి ఎన్నో రెట్లు విషం, ఎయిర్ పంప్ గదిలో గాలినే లాగి నీళ్ళలోకి కొడుతుందని మర్చిపోకండి.

పాత ట్యాంకుల్లో ఇంకో ప్రమాదం ఉంది, అది నెమ్మదిగా వస్తుంది. బాక్టీరియా పనిచేసేటప్పుడు నీళ్ళలోని కార్బొనేట్లని ఖర్చు చేస్తుంది, అమ్మోనియాలోని ఒక గ్రాము నైట్రోజన్‌కి కాల్షియం కార్బొనేట్ లెక్కన సుమారు ఏడు గ్రాముల క్షారత (ఆమ్లాన్ని అడ్డుకునే గుణం) పోతుంది. నెలల తరబడి నీళ్ళు మార్చకపోతే అది అయిపోయి పీహెచ్ 6 కిందికి జారుతుంది, అక్కడ బాక్టీరియా దాదాపు ఆగిపోతుంది, అమ్మోనియా పేరుకుంటుంది, కానీ పీహెచ్ తక్కువ కాబట్టి అది అమ్మోనియం రూపంలోనే ఉండి చేపలు ఎలాగో బతికేస్తుంటాయి. అప్పుడు ఓ రోజు మనకి జాలేసి సగం పైన కొత్త నీళ్ళు పోస్తాం. పీహెచ్ ఒక్కసారి లేస్తుంది, ఆ అమ్మోనియం అంతా అమ్మోనియాగా మారుతుంది, గంటల్లో చేపలు పోతాయి. అందరూ "నీళ్ళు మార్చినందుకే చచ్చిపోయాయి" అనుకుని ఇంకెప్పుడూ మార్చరు! అలా వదిలేసిన ట్యాంకు మీ చేతికొస్తే రోజుకి పదో వంతు చొప్పున మెల్లగా మార్చుకుంటూ రండి.

పీహెచ్ పెంచే, తగ్గించే సీసాల జోలికి నేను పోను. చేప కొంచెం ఎక్కువ తక్కువ పీహెచ్‌కి అలవాటు పడుతుంది, రోజుకోలా మారితే మాత్రం తట్టుకోలేదు.

గాలి సంగతి. నీళ్ళు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ తక్కువ పడుతుంది, 20 డిగ్రీల దగ్గర లీటరుకి 9 మిల్లీగ్రాముల దాకా కరుగుతుంది, 30 దగ్గర ఏడున్నరే. ఎండాకాలం మధ్యాహ్నాలు చేపలు పైకి చేరితే ఇది కూడా కారణం కావచ్చు. బుడగల్లోంచి కరిగే ఆక్సిజన్ కొంచెమే, బుడగలు పైకొచ్చి నీటి పైభాగాన్ని కదిలించడం వల్లే ఎక్కువ గాలి కలుస్తుంది, అందుకే ఫిల్టర్ ధార పైన పడి అలలు లేచేలా పెడితే అదే సరిపోతుంది. కరెంటు పోతే చేపల కంటే ముందు ఫిల్టర్లో బాక్టీరియా గురించి ఆలోచించండి, వాటికీ ఆక్సిజన్ కావాలి. మూసి ఉండే క్యానిస్టర్ ఫిల్టర్ గంటల తరబడి ఆగిపోయి ఉంటే కరెంటు రాగానే అలాగే ఆన్ చేయొద్దు, లోపల కుళ్ళిన నీళ్ళు మొత్తం ట్యాంకులోకి వస్తాయి, విప్పి, ఆ నీళ్ళు పారబోసి, స్పాంజ్‌ని ట్యాంకు నీళ్ళలో ముంచి తీసి అప్పుడు పెట్టండి.

నీళ్ళు తెల్లగా పాలు కలిపినట్టయితే అది చాలాసార్లు కొత్త ట్యాంకులో వేరే బాక్టీరియా ఒక్కసారిగా పెరగడమే, కొన్ని రోజుల్లో దానంతటదే తేటపడుతుంది, అమ్మోనియా చూసుకుంటూ ఉంటే చాలు. పచ్చగా అయితే నాచు, లైటు తగ్గించండి. టీ రంగు అయితే చెక్కలోంచి వచ్చే టానిన్, దాంతో చేపకి హాని లేదు. చూశారా, కంటికి మురిగ్గా కనపడే టీ రంగు నీళ్ళలో చేప బాగుంటుంది, నా ట్యాంకు అద్దంలా ఉన్న రోజున చచ్చిపోయింది.

మేత మాత్రం రెండు నిమిషాల్లో తినేసేంతే. చేప ఎప్పుడు చూసినా ఆకలిగానే వస్తుంది, దాన్ని చూసి జాలిపడి ఇంకో చిటికెడు వేస్తే ఆ చిటికెడే రేపటి అమ్మోనియా.

మేనల్లుడు ఊరెళ్ళాక వాళ్ళింట్లో కూడా చిన్న ట్యాంకు పెడతానన్నాడు. నేను ఒకటే షరతు పెట్టాను, ముందు చేపలు కాదు, బాక్టీరియా. ఖాళీ ట్యాంకులో ఫిల్టర్ నడుస్తూ ఉండాలి, రోజూ కొంచెం మేత వేసి కుళ్ళనివ్వాలి, అమ్మోనియా పెరిగి, తగ్గి, నైట్రైట్ పెరిగి, అదీ తగ్గేదాకా ఆగాలి, మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నా ట్యాంకు కోలుకుని రెండు నెలలయ్యింది కాబట్టి నా స్పాంజ్‌లోంచి ఒక ముక్క కోసి, తడి ఆరకుండా డబ్బాలో ట్యాంకు నీళ్ళు పోసి ఇచ్చాను, దాంతో ఇంకా తొందరగా అవుతుంది. వాడు ప్రతి సాయంత్రం రెండు గొట్టాలూ తెల్ల కాగితం ముందు పెట్టి ఫోటో పంపేవాడు. మొదటి వారం అమ్మోనియా గొట్టం పచ్చగా, తర్వాత అది పసుపుకి తిరుగుతుంటే నైట్రైట్ గొట్టం ఊదారంగులోకి. పదో రోజు "ఇంకెన్నాళ్ళు మావయ్యా" అని ఫోను. ఆగరా కన్నా, అన్నాను. పందొమ్మిదో రోజు సాయంత్రం ఫోటో వచ్చింది, ఒకటి పసుపు, ఒకటి లేత నీలం, రెండూ సున్నా. కింద వాడు రాసింది ఒకటే మాట, "స్పాంజ్ కడగలేదు మావయ్యా."